కాళ్లు కడిగిన గురువారం

మార్చి 5, విభూది బుధవారం

నుదుటి మీద బూడిద ఇంకా తుడుచుకోలేదు. కాలేజీలో నా ఫ్రెండ్ ఛాయ చూసి "యే కైసా తిలక్ హై, కాలా?" అంది. మట్టి నుంచి వచ్చావు, మట్టిలో కలుస్తావు అని గుర్తు చెయ్యడానికి పెడతారని చెప్పాను. "సుబహ్ సుబహ్ ఐసీ బాతే మత్ కర్ యార్" అని, పొద్దున్నే ఇలాంటి మాటలొద్దంటూ సమోసా నా చేతిలో పెట్టింది. ఉపవాసమని తినలేదు. నా మీద నాకే కొంచెం గర్వం వేసింది. తపస్సు కాలం మొదటి రోజే గర్వం.

ఈవేళ దొరికిన మాట: కమురు. కాలిన వాసన అని అర్థం. నాన్న స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్స్ నుంచి వచ్చినప్పుడు చొక్కాకుండే వాసనకి ఇన్నాళ్లూ నా దగ్గర పేరు లేదు. పుట్టింది భిలాయ్‌లో, చదివింది హిందీలో, తెలుగు అక్షరాలు అమ్మ జపాల పుస్తకం చూసి దిద్దుకున్నాను. ఒక్కో మాటా దొరికితే ఇంట్లోకి ఒక మనిషి వచ్చినట్టుంటుంది.

పూజ చివర్న చెప్పారు. మన గుడికి కొత్త విచారణ గురువులు వస్తున్నారు, ఫాదర్ సిల్వానుస్. అన్న చదివిన బోర్డింగుకి అప్పట్లో పెద్ద ఆయనే. గుడిలో అందరికంటే ముందు నాన్న చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి అన్నకి నేనే చెప్పాను. చేతిలోని స్టీలు గ్లాసు తీసి టీవీ మీద విసిరాడు. అద్దం పగిలింది. నాన్న వెళ్లి చెంప మీద కొట్టాడు, ఆ దెబ్బకి అన్న తల గోడకి తగిలింది. అన్నకి ఇరవై నాలుగేళ్లు, నాన్నకంటే జానెడు పొడవు. చెయ్యి ఎత్తలేదు.

తాగి ఉన్నాడు. అందుకే.

మార్చి 9, ఆదివారం

ఫాదర్ సిల్వానుస్ మొదటి పూజ. తెలుగువాళ్ల తరఫున విశ్వాసుల ప్రార్థన నేనే చదివాను. మా గుడిలో హిందీవాళ్లు, మలయాళంవాళ్లు, తమిళులు, ఆదివాసీ ఉరాఁవ్‌లు, మేము, ఎవరి ప్రార్థన వాళ్ల భాషలో చదువుతాం. ఏ భాషలో చదివినా జవాబు మాత్రం అందరిదీ ఒక్కటే, ప్రభువా మా మనవి ఆలకించు అని: "హే ప్రభు, హమారీ వినతి సున్." అర్థం కానివాళ్లు చదివేవాళ్ల గొంతు ఆగడం చూసి జవాబు చెప్తారు.

పూజయ్యాక ఫాదర్ నన్ను పిలిచారు. "బేటీ, ఏక్ శబ్ద్ భీ నహీఁ సమఝా. పర్ లగా స్వర్గ్ సే ఆ రహా హై." ఒక్క ముక్క అర్థం కాకపోయినా స్వర్గం నుంచి వచ్చినట్టుందట! మా తెలుగు సంఘం పెద్ద జ్ఞానప్రసూన ఆంటీ నా బుగ్గ పుణికి "మా గుంట బంగారం ఫాదర్" అని హిందీలో చెప్పింది.

రోజంతా ఆ మాట నెమరేసుకున్నాను. నెమరు కూడా మంచి మాటే.

మార్చి 10

అన్న రాత్రి ఇంటికి రాలేదు.

మార్చి 16, ఆదివారం

నేల మీద రక్తం తుడిచి వచ్చి రాస్తున్నాను.

ఫాదర్ మా క్వార్టర్ దీవించడానికి వచ్చారు. అమ్మ కొరమీను పులుసు పెట్టింది. ఆయన తింటుండగా అన్న డ్యూటీ నుంచి వచ్చాడు, కాంట్రాక్టువాళ్ల నీలం చొక్కా, వేళ్ల దగ్గర ఇనప రేకున్న బూట్లు. ఎంత పెద్దవాడివయ్యావంటూ ఫాదర్ లేచి చేతులు చాపారు. "అరే ఎబెన్! కిత్నా బడా హో గయా!"

అన్న కిటికీ అద్దాన్ని పిడికిలితో కొట్టాడు. ఆయన్ని కాదు, అద్దాన్ని. మోచేతి దాకా చీరుకుపోయింది. రక్తం పులుసు గిన్నెలో పడింది. ఫాదర్ "శాంతి, శాంతి" అంటూ అన్న తల మీద చెయ్యి వేసి సిలువ గుర్తు వేశారు. అన్న కదల్లేదు.

ఆయన స్కూటర్ మలుపు తిరిగేదాకా నాన్న గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి బెల్టు తీశాడు.

"నా పరువు తీసేవురా! దేవుడి మనిషి ఎదర నెత్తురు కారుస్తావా?"

"ఏటండీ, చెయ్యి తెగిందండీ ఆడికి" అని అమ్మ.

"తల తెగితే బాగున్ను!"

బకిల్ వైపు నుంచే కొట్టాడు. వీపు మీద, మెడ మీద, చెవి మీద. అన్న నేల మీద పడిపోయాడు. నేను చూసింది ఒకటుంది, అది రాయాలి. దెబ్బలు పడుతున్నప్పుడు ఎవరైనా తల కాచుకుంటారు. అన్న తల వదిలేశాడు. రెండు కాళ్లూ ఒంటి కిందికి లాక్కుని వాటి మీద పడుకున్నాడు.

మార్చి 18

అన్న నన్ను సైకిల్ మీద మరోదా చెరువుగట్టుకి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం ఎండ. గట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న అరికాళ్లు నేను చూడలేదని అప్పుడు తెలిసింది. ఇంట్లో కూడా సాక్సు వేసుకునే తిరుగుతాడు. చర్మం ముడతలు పడి, మెరుస్తూ, కాలి మానిన ప్లాస్టిక్‌లా ఉంది.

"వీపు మీద కొడితే ఇంటివాళ్లు చూస్తారు. కాళ్ల కింద ఎవడు చూస్తాడు?" అన్నాడు.

ఫాదర్ సిల్వానుసా అని అడగలేదు. తనే చెప్పాడు. వెదురు బెత్తం. ఏడిస్తే మళ్లీ మొదటి నుంచి. నడవలేనివాళ్లు మోకాళ్ల మీద పాకి గుడికి రావాలి, వచ్చి పాట పాడాలి.

"భయ్యా, నాన్నకి చెప్పలేదా?"

"పదమూడేళ్లప్పుడు పారిపోయి వచ్చాను. రైలెక్కి, రెండు బస్సులెక్కి. నాన్నకి కాళ్లు చూపించాను. పొద్దున్నే తయారవమన్నాడు. నడవలేకపోయాను కదా, భుజాన మోశాడు. ఎంత జాగ్రత్తగా మోశాడో తెలుసా క్యాతీ? కాళ్లకి ఏమీ తగలకుండా. మోసుకెళ్లి మళ్లీ అదే గేటు దగ్గర దింపేశాడు."

నవ్వాడు. నేను చెరువులోకి చూశాను.

మార్చి 19

అన్న తాగుతాడు. తాగినవాళ్లు కల్పిస్తారు. గురువులు అభిషిక్తులు. నాన్న కోపిష్టి, అంతే, రాక్షసుడు కాదు.

మార్చి 20

మొన్న అన్న తాగి లేడు.

మార్చి 23, ఆదివారం

గుడికి వెళ్లాను, పాడాను, ఫాదర్ చేతుల మీదుగా దివ్యసత్ప్రసాదం తీసుకున్నాను. నాలుక మీద కరిగేదాకా ఆయన వేళ్లే కనిపించాయి. సన్నటి, శుభ్రమైన వేళ్లు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. చిక్కుడుకాయలు వలుస్తోంది.

"నాకేటీ తెల్దు."

"అమ్మా."

"తెల్దని సెప్పేనా?" ఇంకో కాయ వలిచి అంది, "నూనె రాసేదాన్ని. ఆముదం ఎచ్చజేసి. సెలవులకొచ్చినపుడల్లా."

"మరి?"

"మరేటి సెయ్యమంటావు? మీ నాన్న మాట కాదని ఆణ్ణి ఏ గోతిలో దాసుకోను? ఫాదర్ అబద్ధమాడతాడేటే? ఆయనబద్ధమైతే మన పెళ్లిళ్లు, బాప్తిస్మాలు అన్నీ అబద్ధమేనా?"

అదే కదా నేను కూడా భయపడుతున్నది. ఇది నిజమైతే నా మొదటి సత్ప్రసాదం, నా జపమాల, రాత్రి భయమేస్తే చెప్పుకునే మంగళవార్త జపం, వీటన్నిటినీ ఎక్కడ పెట్టుకోవాలి?

ఏప్రిల్ 1

ఏమీ రాయబుద్ధి కాలేదు. కొత్త మాటలు లేవు.

ఏప్రిల్ 6, ఆదివారం

పెద్ద గురువారం కాళ్లు కడిగించుకునే పన్నెండు మంది పేర్లు చదివారు. యేసు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఆ రోజు గురువు కడుగుతాడు కదా. తెలుగువాళ్లకి ఏటా ఒక్క కుర్చీ. ఈసారి పేరు: ఎబెన్, సెక్టర్ 4.

ఆ పేరు నాన్న ఇచ్చాడు.

అన్నం దగ్గర గొడవ. నేనే మొదలుపెట్టాను. "నాన్నా, అన్న కాళ్లు ఎవరు పాడుచేశారో తెలిసే ఇచ్చావా?"

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "తెలిసే ఇచ్చేను. ఆయనే వొంగి కడిగితే ఇంకేటి కావాల? లెక్క తీరిపోద్ది. మనసులో ఉన్న కుళ్లు కడుక్కుపోద్ది. పదేళ్ల పాతది నెత్తిన మోస్తారేటి?"

"ఆయనకి తెలుసా ఎవరి కాళ్లు కడుగుతున్నాడో?"

కంచం నా మీదికి వచ్చింది. అంచు కనుబొమ్మకి తగిలి చీల్చింది. పప్పు, రక్తం కలిసి కంట్లోకి కారాయి. అమ్మ పసుపు అద్దింది.

అన్న ఒక్కడే నవ్వుతున్నాడు. "రానీ నాన్నా. నేను కూర్చుంటాను."

నాన్న పొంగిపోయాడు. "సూసేరా? ఆడికి అర్థమైంది!"

తర్వాత పెరట్లో అన్న నాతో అన్నాడు. "కిందకి వంగుతాడు కదా. మొహం నా మోకాలి దగ్గరికి వస్తుంది. తంతాను. పళ్లు రాలేదాకా తంతాను. అందరూ చూస్తుండగా."

ఏప్రిల్ 13, మ్రానికొమ్మల ఆదివారం

జ్ఞానప్రసూన ఆంటీ గురువారం చదవాల్సిన ప్రార్థనలు ఇచ్చింది. శ్రీసభ కోసం, ప్లాంటు కార్మికుల కోసం, రోగుల కోసం. సరిగ్గా కాళ్లు కడగడం అయ్యాకే చదవాలి. "గొంతు జాగ్రత్తమ్మా, ఐస్ తినకు" అంది.

అప్పటికి ఫాదర్ నోట్లో పళ్లు ఉండకపోవచ్చని నాకు తెలుసు, ఆంటీకి తెలియదు.

ఏప్రిల్ 16

అమ్మ వేణ్ణీళ్లు కాచి అన్న కాళ్లు రుద్దమంది. గుడిలో కడిగించుకునే కాళ్లని అందరూ ముందు రోజే ఇంట్లో తోముకుంటారు. మురికి కాళ్లతో ఎవరూ వెళ్లరు. ఎప్పుడూ నవ్వొచ్చేది, ఈసారి రాలేదు.

అన్న బకెట్ దగ్గర కూర్చుని బ్రష్‌తో రుద్దుతూనే ఉన్నాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. బ్రష్ లాక్కున్నాను.

"భయ్యా, గుడిలో వద్దు."

"నీకు గుడి కావాలి. నాకేటి కావాలో అడిగావా ఎప్పుడైనా?"

"ఏటి కావాలి?"

జవాబు చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. మెడ నరాలు లేచాయి. "ఎవరో ఒకరు చెప్పాలి. గట్టిగా. అందరి ముందు. నాకు నోరు రాదు క్యాతీ. నోరు వస్తే కాలెందుకు?"

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం, పొద్దున

ఎడమ చేత్తో పుస్తకం అదిమిపెట్టి రాస్తున్నాను. కుడి భుజం లేవడం లేదు కానీ వేళ్లు బాగానే ఉన్నాయి.

నిన్న గుడి కిటకిటలాడింది. పన్నెండు కుర్చీలు పీఠం ముందు. అన్న తొమ్మిదో కుర్చీలో, తెల్ల చొక్కా. నేను పక్కన మైకు దగ్గర. నాన్న ముందు వరసలో, జుట్టుకి నూనె రాసుకుని, పెళ్లికొచ్చినట్టు.

ఫాదర్ నడుముకి తువ్వాలు కట్టుకుని ఒక్కొక్కరి కుడికాలి మీద నీళ్లు పోసి, తుడిచి, ముద్దుపెట్టుకుంటూ వచ్చారు. అన్న ముందు మోకరించారు. నేను కళ్లు మూసుకోలేదు. తన్ను, తన్నకు, రెండూ ఒకేసారి ప్రార్థించాను.

అన్న తన్నలేదు. రెండు కాళ్లూ ఎత్తాడు. మడమలు జోడించి, అరికాళ్లు పైకి కనిపించేలా, మోకాళ్లు బిగించి గాలిలో పట్టుకున్నాడు. తల వెనక్కి వాలిపోయింది, కళ్లు పైకప్పు మీద. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫాదర్ కూడా నవ్వారు. "ఏక్ హీ, బేటా. ఏక్ హీ కాఫీ హై." ఒక్క కాలు చాలన్నారు. అన్న దించలేదు. అన్న ఒళ్లంతా వణుకుతోంది. కాళ్లు మాత్రం వణకడం లేదు. బెత్తం కోసం అలా పట్టడం నేర్పించారని నాకు ఆ క్షణంలో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నేర్పిన మనిషికి మాత్రం గుర్తు రాలేదు. ఆయన ఆ మెరిసే మచ్చల మీద నీళ్లు పోసి, తుడిచి, ముద్దుపెట్టుకుని, పదో కుర్చీకి జరిగారు.

గుర్తుకే రాలేదు! దాచుకున్నాడేమో, సిగ్గుపడుతున్నాడేమో అని ఇన్నాళ్లూ అనుకున్నాను. గుర్తుంచుకునేంత పని కాదు ఆయనకి అది.

హిందీ ప్రార్థన అయింది. మలయాళం అయింది. నేను మైకు ముందుకి వచ్చాను. ఆంటీ కాగితం చేతిలో ఉంది. మడిచాను.

"ఇప్పుడే కాళ్లు కడిగించుకున్న నా అన్న ఎబెన్ కోసం ప్రార్థిద్దాం. పదమూడేళ్ల వయసులో బోర్డింగులో ఆ కాళ్లనే బెత్తంతో చితకగొట్టారు. కొట్టినవీ, ఈ సాయంత్రం కడిగినవీ ఒకే చేతులు."

గొంతు ఆపాను. గుడి మొత్తం పలికింది. "హే ప్రభు, హమారీ వినతి సున్." తెలుగువాళ్లు కూడా, అలవాటు కొద్దీ. పలికాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ బోర్డింగులో నిలబడలేక పాకుతూ పూజకి వచ్చిన పిల్లల కోసం, ఇంటికొచ్చి చెప్పినా ఎవరూ నమ్మని పిల్లల కోసం ప్రార్థిద్దాం."

"హే ప్రభు, హమారీ వినతి సున్." ఈసారి మా వరసల్లో ఒక్క నోరూ లేవలేదు. మిగతా గుడంతా ఇంకా గట్టిగా పలికినట్టనిపించింది. ఫాదర్ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, తలాడిస్తున్నారు. నాన్న సగం లేచాడు.

"నడవలేని కొడుకుని మోసుకెళ్లి మళ్లీ అదే గేటు దగ్గర దింపిన నాన్న కోసం. నూనె రాసి ఊరుకున్న అమ్మ కోసం."

గుడి జవాబు చెప్పింది. అందరిదీ అయిపోయాక ఒక్క గొంతు, తెలుగులో, పగిలినట్టు: "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి." అమ్మది.

బయట మెట్ల దగ్గర ఫాదర్ నా తల మీద చెయ్యి పెట్టారు. "బహుత్ సుందర్, బేటీ." చాలా అందంగా ఉందట. ఆంటీ పక్కనే ఉంది. అనువాదం చెయ్యలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటి తలుపు వేశాక నాన్న నా జడ పట్టుకుని నేలకేసి కొట్టాడు. బెల్టు కాదు, ఈసారి తలుపుకి అడ్డంపెట్టే ఇనప కడ్డీ. మొదటి దెబ్బ భుజం మీద. ఎముక చప్పుడు విన్నాను. రెండోది పడలేదు. అన్న కడ్డీ పట్టుకున్నాడు.

"దాన్ని కాదు."

అన్న మొహం మీద నాన్న ఉమ్మాడు. "నాలుగ్గోడల మజ్జిన ఉన్నదాన్ని ఊరికెక్కించేరు కదరా!"

అన్న కొట్టాడు. పుట్టాక మొదటిసారి. నోటి మీద కొట్టాడు. ఆపలేదు. నాన్న పడిపోయినా ఆపలేదు, మీద కూర్చుని కొడుతూనే ఉన్నాడు, ప్రతి దెబ్బకీ చెప్పమని "బోల్! బోల్!" అంటూ. నాన్న పన్ను ఒకటి నా గౌను మీద పడింది. అన్న వేళ్లు విరిగిన చప్పుడు కూడా విన్నాను. నేను లాగలేకపోయాను. అమ్మ వచ్చి నాన్న మొహం మీద బోర్లా పడుకుంది. ఆ తర్వాతి దెబ్బ అమ్మ వీపు మీద పడ్డాక గానీ అన్న ఆగలేదు.

నాకు అసహ్యం వెయ్యలేదు. కొట్టు అనుకున్నాను. యేసయ్య చనిపోయే ముందు రాత్రి, కొట్టు అనుకున్నాను.

ఏప్రిల్ 18, సాయంత్రం

సిలువ మార్గానికి ఎవరమూ వెళ్లలేదు. అన్న కుడి చేతికి కట్టు. నాకు భుజానికి పట్టీ. హాస్పిటల్లో అందరం మెట్ల మీంచి పడ్డామని చెప్పాం. డాక్టర్ "ఏక్ సాథ్?" అందరూ ఒకేసారా అని అడిగి, రాసుకున్నాడు.

ఏప్రిల్ 19, శనివారం

మరోదా నుంచి చినబాబు మావయ్య వచ్చాడు. రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. వాళ్ల అబ్బాయి కూడా అదే బోర్డింగు. ఇప్పుడు సూరత్‌లో ఉంటాడు, ఫోను ఎత్తడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"కొర్నేలన్నా, గుంట సదివింది నిజమేనా?"

నాన్న నోరు వాచిపోయి ఉంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నీ కొడుకు నీతో సెప్పినపుడు నువ్వేటి చేసేవన్నా?"

అమ్మ స్టవ్ ఆపేసింది. గోడ వైపు నుంచే నాన్న అన్నాడు, "మోసుకెల్లి దింపేను."

"నాను బస్సెక్కించేను" అన్నాడు మావయ్య. "టిక్కెట్టు కొని, కిటికీ పక్కన సీటు సూసి మరీ ఎక్కించేను."

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మంగళారం పోలీసు థానాకెల్దాం. నువ్వు రావాల. నువ్వు సదివినట్టే సెప్పాల, హిందీలో. ఆ ఫాదరుకి కూడా అర్థమవ్వాల కదమ్మా. గుడంతటికీ తెలిసింది, ఆయనొక్కడికే తెలీదు."

వెళ్తానన్నాను. అన్న తలుపు చాటున విన్నాడు.

ఏప్రిల్ 20, పాస్కా ఆదివారం

నేను గుడికి వెళ్లాను. ఎందుకని అన్న అడిగాడు. తెలియదన్నాను. తెలుసు, కానీ అన్న మొహం మీద చెప్పలేకపోయాను. ఆ చోటు ఆయనది కాదు కనక. నా మంగళవార్త జపం ఆయన దగ్గర నేర్చుకోలేదు, అమ్మ దగ్గర నేర్చుకున్నాను కనక. ఈ జవాబు చాలదని నాకూ తెలుసు. అన్న నా వైపు వీపు పెట్టుకున్నాడు. మేం ఇలాగే ఉండిపోతామేమో అని దారంతా భయం వేసింది.

సత్ప్రసాదానికి రెండు లైన్లు. ఒకటి ఫాదర్ ముందు, ఒకటి సిస్టర్ ముందు. పెద్దవాళ్లంతా ఎప్పుడూ ఫాదర్ లైన్లోనే నిలబడతారు, అది మర్యాద. నేను సిస్టర్ లైన్లోకి వెళ్లాను. నా వెనక అమ్మ. చినబాబు మావయ్య. జ్ఞానప్రసూన ఆంటీ ఎటూ రాకుండా బెంచీలోనే కూర్చుండిపోయింది. మిగతా తెలుగువాళ్లు ఎప్పటిలాగే ఫాదర్ వైపు.

నాన్న కూడా ఫాదర్ వైపే. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నడిచాడు. వంతు వచ్చింది. రుమాలు తీశాడు. ఆ పెదవులు చూసి ఫాదర్ ఒక్క క్షణం వెనక్కి తగ్గి, తర్వాత అప్పం పైకెత్తారు. "ఖ్రీస్త్ కా శరీర్." క్రీస్తు శరీరం అన్నప్పుడు ఆమెన్ అని నోరు తెరవాలి.

నాన్న తెరవలేదు. నొప్పేమో అనుకున్నాను. ఫాదర్ మళ్లీ అన్నారు. నాన్న ఆ చేతుల వైపే చూస్తున్నాడు. వెనకవాళ్లు ఆగిపోయారు. అప్పుడు నాన్న పక్కకి తిరిగి, అందరూ చూస్తుండగా, గుడి చివరిదాకా నడిచి, మా లైను చిట్టచివర నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు.

ఇంటికొచ్చి అన్నకి చెప్పాను.

"ఝూఠ్" అన్నాడు అన్న. అబద్ధం.

మళ్లీ చెప్పాను.